రాహుకాలం తెలిసిన వైఫై డబ్బా

బందరు గొడుగుపేటలో సీతారామాంజనేయులుగారిని ఎరగనివాళ్ళు తక్కువ. జిల్లా కోర్టులో టైపిస్టుగా చేరి, అక్కడే జుట్టు నెరిపించుకుని, రిటైరై ఇంటికి వచ్చిన మనిషి. కూర్చోమంటే కూర్చోలేరు. కాఫీ కూడా హాలుకీ వరండాకీ మధ్య పచార్లు చేస్తూనే తాగుతారు. పెళ్ళిపీటల మీద కూడా ఈయన కాలు ఒకచోట ఆగలేదనీ, పురోహితుడు గదమాయించాల్సి వచ్చిందనీ ఆయన భార్య నాగేంద్రమ్మగారు ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతుంటారు.

ఆయన్ని ఎరిగిన ప్రతివాళ్ళకీ ఆయన రాహుకాలం సంగతి కూడా తెలుసు. తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం, వీటన్నిటితోనూ ఆయన ఎంతో కొంత సర్దుకుపోతారు. రాహుకాలం దగ్గర మాత్రం రాజీ లేదు. రోజుకి గంటన్నర. సోమవారం పొద్దున్నే వచ్చి పోతుంది, మంగళవారం మధ్యాహ్నం మూడింటికి వస్తుంది, శుక్రవారం పదిన్నరకి, ఇలా రోజుకో వేళ. ఆ గంటన్నరలో కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదు. కోర్టులో ఉద్యోగానికి చేరిన మొదటిరోజు ఆయన రాహుకాలం దాటేదాకా గేటు బయట సోడాబండి దగ్గర నిలబడి, లోపలికి వెళ్ళగానే శిరస్తాదారు చేత చీవాట్లు తిన్నారు. తిన్నా సరే, ముప్ఫై ఏళ్ళపైన ఉద్యోగం నల్లేరు మీద బండిలా నడిచింది కదా అంటారు. ఇక ఆయనతో ఏం వాదిస్తారు?

అయితే ఆయన రాహుకాలంలో ఒక వెసులుబాటు ఉంది. మొదలుపెట్టకూడదు గానీ, ముందే మొదలైన పని సాగించుకోవచ్చు. అవనిగడ్డలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళాలనుకోండి, బస్సేమో సరిగ్గా రాహుకాలంలోనే ఉందనుకోండి, ఆయన ముందురోజు సాయంత్రమే చేతిసంచీ తీసుకెళ్ళి ఎదురింటి అరుగు మీద పెట్టి వచ్చేవారు. బయల్దేరడం నిన్ననే అయిపోయింది, ఇవాళ చేసేది ఉత్త ప్రయాణమే అని తేల్చేవారు. "రాహువు కోర్టులో ప్లీడరుగా పెట్టుకోవాల్సింది మిమ్మల్ని" అనేవారు నాగేంద్రమ్మగారు.

ఇదంతా నవ్వులాటగానే సాగిపోయేది, కోడలు సాహిత్య ఉద్యోగం పోకపోతే.

సాహిత్యది గుడివాడ. పెళ్ళై ఈ ఇంటికి వచ్చి ఏడాది దాటింది. ఆయన కొడుకు ఆత్రేయ అదే గుడివాడలో జూనియర్ కాలేజీ లెక్చరరు. పొద్దున్నే రైలెక్కి వెళ్ళి సాయంత్రానికి వస్తాడు. భర్త గుడివాడకి వెళ్తుంటే తను గుడివాడ నుంచి బందరు వచ్చి కూర్చున్నానని ఆ అమ్మాయి మొదట్లో తెగ నవ్వేది. మామగారితో పేపరు కోసం పోట్లాడేది, ఆయన రాహుకాలాన్ని పట్టుకుని ఆటపట్టించేది. హైదరాబాదు కంపెనీ ఒకదానిలో, ఇంట్లో కూర్చునే కంప్యూటర్లో చేసే ఉద్యోగం దొరికింది. శనివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి లాగిన్ అవమన్నారు. "శనివారం తొమ్మిది నుంచి పదిన్నర రాహుకాలం తల్లీ, కాసేపు ఆగు" అని ఆయన బతిమాలారు. "మావయ్యగారూ, హైదరాబాదులో రాహువు లేడండీ" అని నవ్వి ఆమె లాగిన్ అయిపోయింది.

వేసవి దాటకుండానే ఆ కంపెనీ మూతపడింది.

ఉద్యోగం పోవడం కన్నా ఆ తర్వాత సాహిత్య అయిపోయిన తీరు ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. పిల్ల మాట్లాడ్డం మానేసింది. పేపరు ముందు ఆయన్నే చదువుకోమనేది. మధ్యాహ్నం పూట గదిలో ఫ్యాను కింద కళ్ళు తెరుచుకుని పడుకుని ఉండేది. ఎన్నిచోట్ల అప్లై చేసినా జవాబు రాలేదు. ఆయన తలుపు దాకా వెళ్ళేవారు, ఏమనాలో తెలియక తిరిగి వచ్చేవారు. ఆ శనివారం లాప్‌టాప్ మూసేసి ఉండాల్సింది, గట్టిగా అడ్డం పడి ఉండాల్సింది అని లోపల్లోపలే కుమిలిపోయారు.

అందుకే, మళ్ళీ ఉద్యోగం వచ్చిందని తెలిసినరోజున ఆయన ఒక నిశ్చయానికి వచ్చారు. ఆస్పత్రులు పంపే ఇన్సూరెన్సు కాగితాలు సరిచూసే పని. ఇంటి నుంచే చేయాలి గానీ, ముందుగా రాసి ఇచ్చిన ఇంటి కనెక్షన్ మీదే చేయాలి, ఫోను నెట్టు పనికిరాదు, పక్కింటి నెట్టు పనికిరాదు. ఆ కనెక్షన్ పెట్టడానికి రాంబాబు వచ్చాడు. బందరు నుంచి దివిసీమ దాకా వైర్లు లాగే కుర్రాడు, మాటకారి, అందరినీ వరసలు పెట్టి పిలుస్తాడు. గోడకి తెల్లటి డబ్బా బిగించి, కొమ్ములు నిలబెట్టి, "ఇంట్లో పిల్లలుంటే చెప్పండి బాబాయ్‌గారూ, ఆటల సైట్లకి తాళం వేసి పోతాను. ఏ సైటు, ఏ రోజు, ఏ టైములో రాకూడదంటే ఆ టైముకి అదే ఆగిపోద్ది" అన్నాడు.

ఆంజనేయులుగారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. వంటింటి వైపోసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఏ సైటుకైనా వేయొచ్చా?"

"వేయొచ్చండి."

"రోజుకో టైము పెట్టొచ్చా?"

"ఏడు రోజులకి ఏడు టైములు పెట్టుకోండి, మనకేం పోయింది?"

కోడలి కంపెనీ సైటు పేరూ, కంఠతా వచ్చిన ఏడు రాహుకాలాలూ ఆయన చెప్తుంటే రాంబాబు టకటకా కొట్టేసుకుని, ఇంకో ఇంటికి టైమైపోయిందని వెళ్ళిపోయాడు. ఎందుకని కూడా అడగలేదు. ఇక ఆ పిల్ల పొరపాటున కూడా రాహుకాలంలో పని మొదలుపెట్టే వీల్లేదు. ముందే లాగిన్ అయి ఉంటే మాత్రం పని సాగుతుంది, అందులో దోషం లేదు. ఇదీ ఆయన లెక్క. ఎవరికీ చెప్పలేదు. ఆరోజు చాలాకాలం తర్వాత కడుపునిండా అన్నం తిన్నారు.

సోమవారం తొమ్మిది దాటాక సాహిత్య ఉద్యోగంలో చేరింది. నాగేంద్రమ్మగారు డబ్బాకి కూడా బొట్టు పెట్టారు. ఆరోజంతా పని సాఫీగా సాగింది. మర్నాడు మధ్యాహ్నం గదిలోంచి కేక వినిపించింది.

"అయ్యో! ఇదేంటి, సైటు పోయింది!"

ఆంజనేయులుగారు పరిగెత్తుకుంటూ వెళ్ళారు. మిగతా సైట్లన్నీ వస్తున్నాయి, వార్తలొస్తున్నాయి, పాటలొస్తున్నాయి, కంపెనీ సైటొక్కటే రావడం లేదు. సాయంత్రం కాఫీ వేళకి దానంతటదే వచ్చేసింది. బుధవారం భోజనాల ముందు మళ్ళీ పోయింది. గురువారం మళ్ళీ.

సాహిత్య ఊరుకునే రకం కాదు. డబ్బా ఆపి, కాసేపు ఆగి, మళ్ళీ వేసింది. వైరు మార్చింది. వైఫై వద్దని తిన్నగా వైరే లాప్‌టాప్‌కి పెట్టి చూసింది. ఎవరో స్నేహితురాలు చెబితే లోపల ఏవో అంకెలు మార్చింది. సైటు రాని సమయంలో పక్కింటి కోటమ్మగారి వైఫైలో తన ఫోను పెట్టి చూస్తే అదే సైటు లక్షణంగా తెరుచుకుంది. "సైటు బాగానే ఉంది. మన లైనూ బాగానే ఉంది. మధ్యలో ఈ డబ్బాలోనే ఏదో ఉంది మావయ్యగారూ" అంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "మేడమ్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే అన్నారు.

రాంబాబుని పిలవకుండా ఉంటారా? పిలిచారు. కానీ ఫోన్ చేసిందెవరు? ఆంజనేయులుగారు! సైటు పోయిన ప్రతిసారీ ఆయనే ఫోన్ చేసి, "నాయనా, ఇప్పుడు రాహుకాలం. ఇది దాటాక మంచి టైము చూసుకుని రా" అని చెప్పేవారు. మంచి టైములో రాంబాబు వచ్చేవాడు. మంచి టైములో సైటు కూడా వచ్చేసేది. "అంతా సుబ్బరంగా ఉంది కదండీ!" అని వాడు టీ తాగి వెళ్ళిపోయేవాడు. రోజుకో ఊళ్ళో నాలుగైదు డబ్బాలు బిగించేవాడికి ఏ ఇంట్లో ఏ తాళం వేశాడో ఎక్కడ గుర్తుంటుంది? ఇక పెద్దాయనకైతే తాళం సంగతి గుర్తే ఉంది గానీ, దానికీ దీనికీ సంబంధం ఉందన్న ఊహే లేదు. ఆయన వేయించింది మొదలుపెట్టకుండా ఆపే తాళం. ఇదేమో మొదలైన పనిని మధ్యలో తెంచుతోంది. రెండూ ఒకటెలా అవుతాయి?

రెండో వారానికి ఇల్లంతా ఒకటే ఆందోళన. సాహిత్య మేనేజరు మొదట జాలిపడ్డాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరికి "ఇంకా ట్రైనింగులోనే ఉన్నారు, ఇలా అయితే కష్టం" అన్నాడు. ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని కూడా గది వైపే చూస్తోంది. ఆంజనేయులుగారు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు. డబ్బా మీద దీపాలు వెలుగుతున్నాయా లేదా అని నిమిషానికోసారి వెళ్ళి చూస్తారు, వైరు పట్టుకుని మెల్లిగా కదుపుతారు, ఎలకేమన్నా కొరికిందేమోనని డాబా మీదకి వెళ్ళి వస్తారు.

"మీరు ఒకచోట కూర్చుంటే ఆ నెట్టు కూడా ఒకచోట నిలుస్తుందేమో" అని నాగేంద్రమ్మగారు విసుక్కున్నారు.

అలా తిరుగుతూ తిరుగుతూ, రెండో బుధవారం ఆయన గోడకున్న క్యాలెండర్ ముందు ఆగిపోయారు. మంగళవారం మూడింటికి పోయింది. ఇవాళ పన్నెండింటికి పోయింది. పోయిన గురువారం ఒంటిగంటన్నరకి, శుక్రవారం పదిన్నరకి. రోజూ 'ఇప్పుడు రాహుకాలం' అని రాంబాబుకి తనే చెప్తూ కూడా, ఆ రెండిటినీ ఇన్నాళ్ళూ కలిపి చూసుకోలేదు. వంటింట్లోకి ఒక్క ఉరుకు ఉరికారు.

"నాగేంద్రం! నేను చెప్పలా? రాహుకాలమే! రాహుకాలం రాగానే పోతోంది, దాటగానే వస్తోంది! ఇన్నేళ్ళూ నన్ను చూసి నవ్వారు కదా, ఇప్పుడు నవ్వండి చూద్దాం!"

"అయితే రాహువు కూడా వైఫై పెట్టించుకున్నాడన్నమాట" అన్నారు నాగేంద్రమ్మగారు, గరిటె ఆపకుండా.

నమ్మండి, నమ్మకపోండి, ఆ రెండురోజులూ ఆయన సంతోషంగానే ఉన్నారు. కోడలి కష్టం కష్టమే, కానీ జన్మంతా నమ్మిన మాటకి ఇంత తిరుగులేని సాక్ష్యం దొరకడం మాటలా? గురువారం సాయంత్రం ఆ సంతోషంలోనే సాహిత్యకి చెప్పారు. ఆ పిల్ల అలసిపోయిన కళ్ళతో ఆయన్ని చూసింది.

"మావయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, ఇప్పుడు ఇవన్నీ చెప్పకండి. రేపు పదకొండింటికి మేనేజర్‌తో మీటింగ్. ఆ సైట్లోనే. రేపూ మధ్యలో పోయిందా, నన్ను తీసేస్తారు. ఆయనే చెప్పాడు."

రేపు శుక్రవారం. పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలం.

"పన్నెండు దాటాక పెట్టమని అడగమ్మా!"

"అడిగాను. ఆయన పన్నెండింటికి విమానమెక్కాలిట, ఎయిర్‌పోర్టులో కూర్చునే మాట్లాడతాడుట, కుదరదన్నాడు." సాహిత్య లాప్‌టాప్ మూస్తూ, "పొద్దున్న తొమ్మిదింటికే లాగిన్ అయి, ఇక అక్కణ్ణుంచి కదలను. అదే నేను చేయగలిగింది" అంది.

ఆయనకి ప్రాణం లేచివచ్చింది. "అదీ మాట! ఇన్నాళ్ళూ మధ్యమధ్య లేచి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టావు కాబట్టి తెగింది. ముందే మొదలుపెట్టి కదలకపోతే ఇక రాహువు ఏం చేస్తాడు? నువ్వు నిశ్చింతగా పడుకో తల్లీ."

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి సాహిత్య లాగిన్ అయింది. ఆంజనేయులుగారు స్నానం, పూజ ముగించుకుని, గది గుమ్మానికీ గోడగడియారానికీ మధ్య తిరగడం మొదలుపెట్టారు. పది అయింది. సైటు ఉంది. పదీ పావు అయింది. ఉంది. సరిగ్గా పదిన్నరకి గదిలోంచి కేక కూడా రాలేదు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడొకటి వినిపించింది.

"పోయిందా?" అన్నారాయన గుమ్మంలోంచి.

సాహిత్య తలూపింది. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. వెంటనే మేనేజరుకి ఫోన్ కలిపింది, ఎత్తడం లేదు. కస్టమర్ కేర్‌కి కలిపింది, సంగీతం వస్తోంది.

ఆయన నిర్ఘాంతపోయారు. తొమ్మిదింటికే మొదలై, కదలకుండా సాగిన పని! మొదలైన పనిని రాహువు ముట్టుకోవడానికి వీల్లేదు. ఆ ఒక్క వెసులుబాటు మీదే ఆయన జన్మంతా నడిపించుకొచ్చారు. ఇదెక్కడి అన్యాయం? వరండాలోకి వచ్చి రాంబాబుకి ఫోన్ చేశారు. గాలి హోరులో వాడి గొంతు వినిపించింది.

"హంసలదీవిలో ఉన్నానండీ బాబాయ్‌గారూ! స్తంభం పడిపోయి లైను తెగింది. సాయంత్రం దాకా రాలేను."

"రాంబాబూ, ముందే మొదలైన పని కూడా రాహుకాలంలో తెగిపోతోందయ్యా! సరిగ్గా పదిన్నరకి! ప్రతిరోజూ అంతే!"

అవతల రాంబాబు ఏవో అంకెలు గొణుక్కున్నాడు. గాలి హోరుమంటోంది.

"బాబాయ్‌గారూ... ఆరోజు మీరు ఏడు రోజులకి ఏడు టైములు చెప్పి తాళం వేయించారు చూడండి. అయ్యి రాహుకాలాలా?"

"అవును. అయితే?"

"అయితే ఏంటండీ! ఆపేది అదేనండీ! మీరేసిన తాళమే!"

"నేను మొదలుపెట్టకుండా ఆపమన్నాను! మధ్యలో తెంచమన్నానా?"

"డబ్బాకి మొదలూ మధ్యా ఏం తెలుసండీ? ఆ టైములో ఆ సైటు రాకూడదు అన్నారు, రానివ్వట్లేదు. అంతే!"

ఆంజనేయులుగారు వరండా కుర్చీ పట్టుకున్నారు. రాహువు కాదు. గ్రహం కాదు. రెండు వారాలుగా ఆ పిల్లని ఏడిపిస్తున్నది తనే. ఏ చేత్తో అయితే ఆ ఉద్యోగాన్ని కాపాడాలనుకున్నారో, ఆ చేత్తోనే రోజూ దాని గొంతు పిసుకుతున్నారు. ఛీ, ఇంత వయసొచ్చి ఏం లాభం అనుకున్నారు.

"లైన్లో ఉన్నారాండీ? లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఫోన్లోనే చెప్తాను, తీసేయొచ్చు. డబ్బా వెనకాల చిన్న బెజ్జం ఉంటది, అది మాత్రం నొక్కమాకండి. అది నొక్కారంటే మొత్తం పోద్ది, నేనొచ్చేదాకా అసలు నెట్టే ఉండదు."

పదీ నలభై అయింది. ఆయనకి ఒక ఆలోచన రాకపోలేదు. లైను బాగుచేసే వంక పెట్టి, లాప్‌టాప్ అడిగి తీసుకుని, గుట్టుచప్పుడు కాకుండా తీసేస్తే? ఎవరికి తెలుస్తుంది? రాహువే అనుకుంటారు. రాంబాబుకి చెప్పి నోరు మూయించవచ్చు. ఆయన రెండడుగులు లోపలికి వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళారు. గదిలో సాహిత్య కస్టమర్ కేర్ వాళ్ళని బతిమాలుతోంది. "ప్లీజండీ, నా ఉద్యోగం పోతుందండీ" అంటోంది. ఆ మాట విన్నాక ఇక ఆయన వల్ల కాలేదు.

"అది పెట్టేయమ్మా. వాళ్ళ తప్పు కాదు. నాది."

ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆ శనివారం లాగిన్ దగ్గర్నుంచి తాళం దాకా. చెప్తున్నంతసేపూ సాహిత్య ముఖంలోకి చూడలేకపోయారు.

"మీరా?" అందా అమ్మాయి. ఆ తర్వాత లేచి నిలబడింది. "రెండు వారాలండీ! ఎవరెవరికో ఫోన్లు చేశాను, ఎవరెవరి కాళ్ళో పట్టుకున్నాను. మీరు నా పక్కనే నిలబడి చూస్తున్నారు! నా ఉద్యోగానికి మీరు తాళం వేయడమేంటి మావయ్యగారూ? నన్నడగాలి కదా! నేనేమన్నా చిన్నపిల్లనా?"

"కాదు తల్లీ. నీకు మళ్ళీ అలా అవకూడదని..."

"అలా అవకూడదని అదే చేశారు!"

వంటింట్లోంచి వచ్చిన నాగేంద్రమ్మగారు గుమ్మంలో నిలబడిపోయారు. సాహిత్య లాప్‌టాప్‌ని ఆయన ముందుకి తోసింది.

"మీరే వేశారు. మీరే తీయండి."

ఆయన కూర్చున్నారు. ఫోను స్పీకర్లో పెట్టారు. రాంబాబు అక్కణ్ణుంచి అంకెలు చెప్తున్నాడు, చుక్కలు చెప్తున్నాడు, పాస్‌వర్డు చెప్తున్నాడు. మధ్యమధ్య గాలికి మాట తెగిపోతోంది. "మళ్ళీ చెప్పు నాయనా, మళ్ళీ చెప్పు" అంటూ ఆయన కొడుతున్నారు. కోర్టులో వాయిదాల మీద వాయిదాలు టైపు చేసిన వేళ్ళు, రెండుసార్లు తప్పు కొట్టాయి. మూడోసారికి పేజీ తెరుచుకుంది. రాంబాబు చెప్పినచోట నొక్కితే, ఏడు వరసలు కనిపించాయి. ఆదివారం నుంచి శనివారం దాకా, ఏ రోజు రాహుకాలం ఆ రోజుకి, నిమిషం తేడా లేకుండా.

"ఇవాళ్టిదొక్కటి తీసేయండి చాలు. మిగతాయి రేపొచ్చి నేను చూసుకుంటా" అన్నాడు రాంబాబు.

ఆంజనేయులుగారు శుక్రవారం తీసేశారు. ఆ తర్వాత శనివారం తీశారు. ఆదివారం తీశారు. వరసగా అన్నీ తీసేశారు. సేవ్ నొక్కితే డబ్బా మీద దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

"అయ్యయ్యో, ఆరిపోయిందే!" అన్నారు నాగేంద్రమ్మగారు.

"కంగారు పడమాకండి పిన్నిగారూ, ఆగి మళ్ళీ వస్తది" అంది ఫోను.

గడియారంలో పదకొండు కావస్తోంది. ముగ్గురూ డబ్బా వైపే చూస్తూ నిలబడ్డారు. ఒక దీపం వెలిగింది, మిణుకుమంది, ఆరింది, మళ్ళీ వెలిగింది. రెండోది. మూడోది. సాహిత్య ఒక్క ఊపున లాప్‌టాప్ లాక్కుని కుర్చీలో కూర్చుంది. సైటు తెరుచుకుంది. పైట చెంగుతో నాగేంద్రమ్మగారు కళ్ళు వత్తుకున్నారు. చున్నీతో ముఖం తుడుచుకుని సాహిత్య మీటింగులోకి వెళ్ళేసరికి మేనేజరు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు.

ఆంజనేయులుగారు గుమ్మం పక్కన, కెమెరాలో పడకుండా నిలబడ్డారు. వెళ్ళిపోదామంటే కాలు రాలేదు. మేనేజరు నెమ్మదిగానే మాట్లాడాడు. పనిలో వంక లేదన్నాడు. చిక్కల్లా లైనుతోనే అన్నాడు. ఇవాళ్టితో బాగుపడిందని ఆమె చెబితే, అతను నమ్మీ నమ్మనట్టు తలూపాడు.

"సరే, మాటలెందుకు? కొత్త ఆస్పత్రి ఫైళ్ళు మీకు పంపాను. ఇప్పుడే, నేను చూస్తుండగానే మొదలుపెట్టండి. నేను లేచేదాకా తెగకుండా నడిచిందంటే ఉద్యోగం మీది. తెగిందంటే మాత్రం ఇక నేనేం చేయలేను."

తెర మీద 'మొదలుపెట్టు' అన్న ఆకుపచ్చ గడి వచ్చింది. సాహిత్య చెయ్యి మౌస్ మీద ఉంది. నొక్కలేదు. మాట వినిపించకుండా మైకు ఆపి, తల తిప్పి గడియారం వైపు చూసింది. పదకొండూ పది. తర్వాత మామగారి వైపు చూసింది.

కోపం పోలేదు ఆ కళ్ళలో. కానీ కోపం కన్నా ముందు ఇంకొకటుంది. అదేమిటో ఆయన వెంటనే పోల్చుకున్నారు, ఎందుకంటే అది ఆయన సొత్తే. హైదరాబాదులో రాహువు లేడని నవ్విన పిల్ల ఇప్పుడు భయపడుతోంది. రాహుకాలంలో మొదలుపెట్టాలా వద్దా అని, ఆయన్నే అడుగుతోంది. గడియారాన్ని చూస్తూ వరండాలో తను తిరిగిన తిరుగుడంతా వచ్చి ఆ పిల్ల వేలి మీద కూర్చుంది. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

"చూస్తావేంటి తల్లీ? నొక్కు" అన్నారు. "రాహువుకి జవాబు నేను చెప్పుకుంటాను. నువ్వు మీ మేనేజరుకి చెప్పుకో."

సాహిత్య ఒక్క క్షణం ఆయన్నే చూసి, తెర వైపు తిరిగి, నొక్కింది.